వానకోటు

ప్రతి సంవత్సరమును జూను నెలలో మన పాఠశాల తలుపులు తెరచుటయు, నైరుతి మేఘములు పల్నాటి మీదికి వచ్చుటయు ఇంచుమించుగా ఒక్కసారియే జరుగుచుండును. క్రొత్త పుస్తకముల వాసనయు, తొలకరికి తడిసిన నేల వాసనయు కలిసియుండు ఆ దినములలో, తమ పిల్లలను సైకిళ్లమీద బడికి పంపు తలిదండ్రులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. “మాస్టారూ, పిల్లవానికి ఎటువంటి వానకోటు కొనవలయును?” అని వారడుగుదురు. “గట్టిది చూచి కొనుడు” అని మేము చాలకాలము రెండు ముక్కలలో బదులు చెప్పుచు వచ్చితిమి. ఆ బదులు ఎంత అజ్ఞానముతో కూడినదో గత వర్షాకాలమున మాకు తెలియవచ్చెను. ఉపాధ్యాయుడు తాను తప్పుగా చెప్పిన పాఠమును తానే దిద్దుకొనవలయును గనుక, ఇంత చిన్న విషయమును గూర్చి మన వార్షిక సంచికలో కొన్ని పుటలు నింపుటకు సాహసించుచున్నాము.

గత సంవత్సరము మేము పాఠము చెప్పిన తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెను. అతని యూరు పెద్దరోడ్డు వెంబడి ఆరు కిలోమీటర్ల దూరము. అతడు చదువులో వెనుకబడినవాడు కాడు; ఫుట్‌బాలు ఆటలో అందరికంటె ముందుండువాడు. ఐనను ఆకాశమున మబ్బు క్రమ్మిన దినమున అతడు బడికి రాడు. జూలై నెల హాజరుపట్టీలో అతని పేరున కెదురుగా తొమ్మిది గైర్హాజరు గుర్తులు పడెను. ఒకనాడు మేము అతనిని తరగతి యెదుట నిలువబెట్టి, “వాన తగిలిన కరగిపోవుటకు నీవేమైన బెల్లపు ముద్దవా?” అని యడిగితిమి. పిల్లలందరు నవ్విరి. అతడు తలవంచుకొని నిలిచెనే కాని మారుమాట యాడలేదు. ఆ మౌనము తప్పు ఒప్పుకొనుటయే యని మేము భావించితిమి.

అప్పటికి మేమును సైకిలుమీదనే బడికి వచ్చుచుంటిమి. నలువది దాటిన దేహమునకు వ్యాయామము అవసరమని తలచి, ఆ వేసవిలోనే సైకిలును, దానితోపాటు ఒక వానకోటును కొంటిమి. దుకాణములో పసుపుపచ్చనివియు, నారింజ రంగువియు ఉండెను. ఐనను ఉపాధ్యాయునకు హుందాగా నుండునని నల్లనిదానిని ఎన్నుకొంటిమి. దళసరి రబ్బరుగుడ్డ, మోకాళ్లదాక పొడవు, తలకు పెద్ద ముసుగు. చేతితో నొక్కి చూచి, “గట్టిది” అని మురిసితిమి. మొదటినాడు వానలో పాఠశాల చేరి దానిని విప్పగా, మా చొక్కా పిండిన నీరు కారునట్లుండెను. ఎక్కడనైన చిల్లి పడినదేమో యని కోటును వెలుతురున కెదురుగా పట్టి చూచితిమి. ఒక్క చిల్లియు లేదు. వాననీరు ఒక్క చుక్కయైనను లోపలికి రాలేదు. లోపల నున్నదంతయు మా చెమటయే.

ఆగస్టు నెల చివరివారములో ఒక సాయంకాలము పరీక్షపత్రములు దిద్దుచు ఆలస్యము చేసి, ఆరున్నర గంటలు దాటిన పిమ్మట ఇంటికి బయలుదేరితిమి. ముసురు పట్టియుండెను. మన యూరి రోడ్లు వానలో ఎట్లుండునో చదువరులకు చెప్పనక్కరలేదు. సున్నపు బట్టీలనుండియు లారీలనుండియు రాలిన పొడి నీటితో కలిసి, రోడ్డు అంచున తెల్లని జారుడు బురద యగును. నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారిమీద సిమెంటు లారీలును, సున్నపు లారీలును, రాతిపలకల లారీలును రాత్రింబవళ్లు నడచుచుండును. వెనుకనుండి లారీ చప్పుడు విని, ఎంత దూరములో నున్నదో చూతమని తల త్రిప్పితిమి. మా తల తిరిగెను గాని ముసుగు తిరుగలేదు. లారీకి బదులుగా ముసుగు లోపలి నల్లగుడ్డ మా కంటికి కనబడెను. అంతలో ముందుచక్రము తెల్లబురదలో జారి, మేము రోడ్డు ప్రక్కకు పడితిమి. లారీ మూరెడు దూరములో మమ్ము దాటి, కొంత ముందుకు పోయి నిలిచెను. డ్రైవరు దిగి పరుగున వచ్చి మమ్ము లేవనెత్తెను. అతని చేతులు వణకుచుండెను. “అయ్యా, మీరు కనపడనే లేదండీ. నల్లరోడ్డు మీద నల్లకోటు ఏసుకుంటే మాకెట్లా తెలుస్తదండీ?” అనెను. మోచేయి చెక్కుకొనిపోవుట తప్ప మాకు వేరు హాని కలుగలేదు. దేవుని కృప యనక మరేమందుము?

ఆ రాత్రి గాయమునకు మందు రాసికొనుచుండగా ఆ బాలుడు మాకు జ్ఞప్తికి వచ్చెను. అతనిది అదే రోడ్డు; అవే లారీలు; దూరము మాకంటె రెట్టింపు. తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అతని యింటికి వెళ్లితిమి. తండ్రి పొలమునకు పోయియుండెను. తల్లి సున్నపు బట్టీలో పనిచేయునది. ఆ దినము ఇంటనే యుండెను. ఆమె మాకు మంచము వాల్చి, మంచినీళ్లిచ్చి, మేము వచ్చిన పని విని, కొంతసేపు ఊరకుండెను. పిమ్మట, “మాస్టారుగారూ, వాన రోజున వాణ్ని నేనే పంపించట్లేదండీ. వాడి తప్పేం లేదు” అనెను.

సంగతి యేమనగా, అంతకు ముందటి యేట ఆ బాలునకు తలమీదుగా తొడిగెడి ప్లాస్టికు కప్పు ఒకటి కొనియిచ్చిరట. చేతులు లేక, ప్రక్కలు తెరచియుండు రకమది. ఎదురుగాలికి అది తెరచాపవలె ఉబ్బి, దాని కొంగు వెనుకచక్రపు పుల్లలలో చుట్టుకొని, బాలుని రోడ్డు నడుమ పడవేసెనట. ఆ సమయమున వెనుక లారీ లేకుండుటచేత ప్రాణము దక్కెను. నాటినుండి తల్లి వాన దినమున అతనిని గడప దాటనీయలేదు. “తడిస్తే ఆరతాడండీ. లారీవాడికి కనపడకపోతే నాకు పిల్లోడు దక్కడు కదండీ” అని ఆమె అనినప్పుడు మాకు తల యెత్తుటకు ధైర్యము చాలలేదు. మేము తరగతిలో ఆడిన బెల్లపు మాట ఆమె చెవిని పడెనో లేదో మేమడుగలేదు.

“గట్టి కోటు ఒకటి కొందమమ్మా” అంటిమి. దానికామె చిరునవ్వుతో, “గట్టిదంటే ఏందండీ? మా బట్టీలో లారీమీద కప్పే పట్టా కూడా గట్టిదేనండీ. నీళ్లు గుడ్డలోంచి రావు, కుట్టులోంచి వస్తయ్యి” అనెను.

ఈ మాట విలువ పిడుగురాళ్లలో పుట్టి పెరిగినవారికి చక్కగా తెలియును. సున్నపురాతిని బట్టీలో ఇంచుమించు 900 డిగ్రీల వేడికి కాల్చినప్పుడు దానిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోయి పొడిసున్నము మిగులును. ఈ పొడిసున్నమునకు నీరు తగిలినయెడల అది ఉబ్బి, సలసల కాగి, సంచులను చీల్చును. అందుచేత లారీవారు మబ్బు కనబడినంతనే పట్టా పరచి, అంచులు లోనికి మడచి, కుట్టులు చూచి, త్రాళ్లు బిగింతురు. సున్నమును వాననుండి కాపాడుటలో మన యూరికి మించిన యూరు లేదు. సున్నమునకు చూపు ఆ శ్రద్ధను బిడ్డలకు చూపుచున్నామా యని మేము దారి పొడుగునను ఆలోచించుచు ఇల్లు చేరితిమి. ఆ దినము మొదలు ఈ విషయమును గూర్చి చదివియు, దుకాణములలో అనేకమైన కోటులను తొడిగి చూచియు నేర్చుకొన్న సంగతులను ఇక్కడ క్రమముగా తెలుపుచున్నాము.

వానను తప్పించుకొనుటకు మన పూర్వులకును సాధనములుండెను. పొలములలో పనిచేయువారు గోనెసంచి ఒక మూలను రెండవ మూలలోనికి దోపి, కొప్పెరగా చేసి తలమీద వేసికొనెడివారు. గొఱ్ఱెల కాపరులు గొంగడి కప్పుకొనెడివారు. ఉన్నిలోని సహజమైన జిడ్డు కొంతవరకు నీటిని జారవిడుచును. తడిసినను ఉన్ని దేహమునకు వెచ్చదనమునే ఇచ్చును. కాని తడిసిన గొంగడి బరువు మోసినవానికే తెలియును. గిద్యోను కళ్లములో నుంచిన గొఱ్ఱెబొచ్చును పిండగా పాత్ర నిండ నీరు వచ్చెనని న్యాయాధిపతుల గ్రంథములో చదువుచున్నాము. నిలిచియుండు కాపరికి ఆ బరువు చెల్లును గాని సైకిలు త్రొక్కువానికి చెల్లదు.

1823 లో స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మాకింటాషు అను రసాయనవేత్త, బొగ్గుతారునుండి వచ్చు నాఫ్తాలో రబ్బరును కరగించి, రెండు గుడ్డల నడుమ దానిని పూసి, నీరు చొరని గుడ్డను చేసి పేటెంటు పొందెను. ఆంగ్లేయులు నేటికిని వానకోటును ఆయన పేరుతోనే పిలుతురు. అయితే ఆ తొలినాటి కోటులు చలికి బిరుసెక్కి, వేడికి జిగటగా మారుచుండెను. 1839 లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడియరు రబ్బరును గంధకముతో కలిపి కాచుటను కనిపెట్టిన పిమ్మట ఈ దోషమునకు చికిత్స దొరకెను. రెండవ దోషము మాత్రము తీరలేదు. బయటి నీటిని రానీయని గుడ్డ లోపలి ఆవిరిని పోనీయదు. మేము మురిసి కొన్న నల్లకోటు ఈ జాతిలోనిదే.

ఈ రెండవ దోషమునకు విరుగుడు 1969 లో దొరకెను. అమెరికాలో రాబర్టు గోరు అనునతడు, దోసెపెనముల పూతకు వాడెడి టెఫ్లాను జాతి పదార్థమును వేడిచేసి, ఒక్క ఊపున సాగదీసి చూచెను. అది తెగిపోక, కంటికి కనబడని అసంఖ్యాకములైన రంధ్రములు గల పలుచని పొరగా మారెను. ఆ రంధ్రములు నీటిబొట్టు చొరరానంత చిన్నవి, ఆవిరి దాటగలిగినంత పెద్దవి. గోర్‌టెక్సు అను పేరుతో ప్రసిద్ధికెక్కిన గుడ్డ దీనివలన పుట్టినదే. పిమ్మట ఇటువంటి పొరలను ఇతర పదార్థములతోను చేయుట నేర్చిరి. ఇట్టి కోటులలోను వాటి పై పూతలలోను వాడుచు వచ్చిన ఫ్లోరిను రసాయనములు కొన్ని నేలలోను నీటిలోను నశింపక దీర్ఘకాలము నిలుచునని తెలిసినందున, తయారుచేయువారు పలువురు ఇప్పుడు వాటిని మానుచున్నారు.

అట్లయిన వేల రూపాయలు పోసి ఆ పొర గల కోటునే కొనవలయునా? ఇక్కడ పల్నాటివారు కొంచెము ఆగి ఆలోచింపవలసియున్నది. ఆవిరి, తాను ఎక్కువగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి పోవును. ఏప్రిలు నెలలో దండెముమీద వేసిన చీర గంటలో ఆరును. ఆగస్టు ముసురులో రెండు దినములైనను ఆరదు. గాలి అప్పటికే ఆవిరితో నిండియుండుటయే దానికి కారణము. కోటులోని పొరకును ఇదే న్యాయము వర్తించును. చలిదేశములలో బయటి గాలి చల్లగా నుండుటచేత లోపలి ఆవిరి తేలికగా వెడలును. మన వానలలో బయటనుండు గాలియు వెచ్చగా, తేమగా నుండుటచేత ఎంత వెలగల పొరయైనను సగము పనియే చేయును. సైకిలు త్రొక్కువానికి వాన రెండు దిక్కులనుండి కురియును; ఒకటి మేఘమునుండి, రెండవది తన దేహమునుండి. మన సీమలో రెండవదానిని వెడలించుటకు పొరకంటె గాలి దారులే మేలు.

ఇక కోటును ఎన్నుకొను విధమును చెప్పెదము. మొట్టమొదట చూడవలసినది రంగు. నలుపు, ముదురు నీలము, బూడిదరంగు అను వాటిని సైకిలు త్రొక్కువారు విడిచిపెట్టవలయును. మబ్బు పట్టిన పగటివేళ మెరయుచుండు పసుపుపచ్చ, నారింజ రంగులు దూరమునుండి కంటికి తగులును. అయితే ఆ రంగులు చీకటి పడిన పిమ్మట పనిచేయవు. రాత్రివేళకు దీపపు కాంతిని వచ్చిన వైపునకే త్రిప్పికొట్టు వెండిరంగు పట్టీలు కావలయును. అవి వీపుమీదను, చేతులమీదను ఉండవలయును. త్రొక్కునప్పుడు పైకి క్రిందికి కదలు కాళ్లకు కూడ ఒక్కొక్క పట్టీ చుట్టిన లారీవారు మరింత త్వరగా గుర్తింతురు. సైకిలు వెనుక ఎఱ్ఱదీపము వేరుగా ఉండవలసినదే.

రెండవది ముసుగు. దుకాణములోనే ముసుగు వేసికొని, త్రాడు బిగించి, వెనుకనుండి వచ్చు బండిని చూచునట్లు తల త్రిప్పవలయును. తలతోపాటు ముసుగును తిరిగిన మంచిది. తిరుగనియెడల ఆ కోటును అక్కడనే విడిచి రావలయును. హెల్మెటు పెట్టుకొనువారికి దాని క్రింద ఇముడునంత పలుచని ముసుగు కావలయును. హెల్మెటు పైనుండి వేయు పెద్ద ముసుగు కన్నులకు అడ్డుపడుటయే గాక చెవులకును అడ్డుపడును.

మూడవది కొలత. అద్దము ముందర నిటారుగా నిలిచి కోటును మెచ్చుకొనుట మనకు అలవాటు. సైకిలుమీద మనము నిటారుగా నుండము. రెండు చేతులను ముందుకు చాచి, హ్యాండిలు పట్టుకొన్నట్లు వంగి చూడవలయును. అప్పుడు చేతులు మణికట్టు దాటి పైకి పోరాదు. వీపుక్రింది భాగము నడుముపైకి లేవరాదు. ముందువైపు కురచగాను, వెనుకవైపు పొడుగుగాను ఉన్నది సైకిలునకు తగినది. వెనుకచక్రము చిమ్ము బురద ఆ పొడుగు భాగమునకే తగులును. మోకాళ్లదాక వ్రేలాడునవియు, ప్రక్కలు తెరచియున్న కప్పులును నడచువారికి తగును గాని చక్రముమీది వారికి ప్రమాదకరములు.

నాలుగవది కుట్టు. ఆ తల్లి చెప్పిన పాఠమిది. సూది పోయిన ప్రతిచోటను ఒక రంధ్రముండును. కోటును లోపలివైపు బయటికి త్రిప్పి, ప్రతి కుట్టుమీదను సన్నని పట్టీ అంటించియున్నదా యని వ్రేలితో తడిమి చూడవలయును. భుజములమీదను, ముసుగు మెడకు కలియు చోటను ముఖ్యముగా చూడవలయును. జిప్పుమీద గుడ్డ మడత కప్పియుండవలయును.

ఐదవది గాలిదారి. చంకల క్రింద తెరచి మూయుటకు జిప్పులుగాని, వీపుమీద మడత క్రింద వలగుడ్డగాని ఉన్నదే మన వానలకు తగినది. అవి లేనిచో మెడవద్ద జిప్పును కొంచెము దించి, మణికట్టు పట్టీలను వదులుచేసి త్రొక్కవలయును. కొద్దిగా తడియుట తప్పు కాదు, ఉడికిపోవుటయే తప్పు.

చివరివి అంకెలు. కొన్ని కోటుల చీటిమీద మిల్లీమీటర్ల లెక్క యొకటి యుండును. గుడ్డపై ఎంత ఎత్తు నీటిస్తంభమును నిలిపినను నీరు దిగకుండునో తెలుపు సంఖ్య అది. 1,500 ఉన్నచో చిన్న వానలకు సరిపోవును; 10,000 అనగా పది మీటర్ల నీటి బరువునకు ఓర్చినదని యర్థము. పుస్తకముల సంచి పట్టెడలు భుజములను నొక్కుచోట నీరు బలముగా దిగును గనుక, సంచి మోయు విద్యార్థులకు పెద్ద సంఖ్యయే మేలు. రెండవ సంఖ్య గ్రాములలో నుండును. ఒక చదరపు మీటరు గుడ్డగుండ 24 గంటలలో ఎంత ఆవిరి వెడలునో అది తెలుపును. ఆ పరీక్ష ప్రయోగశాలలోని గాలిలో జరుగును; మన ఆగస్టు గాలిలో జరుగదు. కావున ఈ అంకెలను తుదకు చూడవలెనని చెప్పుచున్నాము. రంగు, ముసుగు, కొలత, కుట్టు, గాలిదారి అను ఐదింటిలో తప్పిన కోటును ఏ అంకెయు రక్షింపజాలదు.

ఆటలను గూర్చి ఒక మాట. ఫుట్‌బాలు, కబడ్డీ ఆడువారు వానలో కోటు తొడుగరాదు. వేడిని వెడలనీయక అది అలసట కలిగించును. తడియుచు ఆడి, ఆట ముగిసినంతనే పొడిబట్టలు కట్టుకొనవలయును. ఆట మధ్య విరామములోను, గట్టున కూర్చున్నప్పుడును గాలి తగిలి దేహము చల్లబడును. కోటు అవసరము అప్పుడే. నూలు బనియను నీరు పట్టి చాలసేపు ఆరదు గనుక ఆటలకు పలుచని జెర్సీ మేలు. గుత్తికొండ బిలము వంటి చోట్లకు విహారయాత్ర వెళ్లునప్పుడు మడచి సంచిలో నుంచుకొనదగిన తేలిక కోటు చాలును.

అయితే ఏ కోటును తప్పింపలేని అపాయములు రెండు కలవు. మన యూరి పేరులోనే పిడుగున్నది. మెరుపు కనబడిన పిమ్మట 30 సెకండ్లలోపల ఉరుము వినబడిన, పిడుగు పది కిలోమీటర్లలోపల నున్నదని గ్రహించి, వెంటనే ఆట మాని పక్కా కట్టడములోనికి పోవలయును. చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషములు కాచియుండవలయును. చెట్టు క్రింద నిలువరాదు. రెండవది, రోడ్డుమీదుగా పారుచున్న వాగు. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను విజయవాడలో బుడమేరు పొంగి ఏమి చేసెనో మనమందరము చూచితిమి. పారు నీటిలోనికి సైకిలు దింపుట ధైర్యము కాదు. అట్టి దినమున ఇంటనుండుటయే విద్యార్థి ధర్మము. దానికి మేము గైర్హాజరు గుర్తు వేసినను సిగ్గుపడ నక్కరలేదు.

కోటును కాపాడుకొనుట కూడ ఎన్నుకొనుట యంత ముఖ్యము. మన రోడ్డుమీది తెల్లబురదలో సున్నముండును గనుక ఇంటికి రాగానే మంచినీటితో కడుగవలయును. అది కంటిలో పడినయెడల రుద్దక, ధారాళముగా నీరు పోసి కడిగి, వైద్యునకు చూపవలయును. కోటును తడిగా మడచి పెట్టెలో పెట్టరాదు. ఎండలో ఉడుకబెట్టరాదు. నీడను, గాలి తగులుచోట వ్రేలాడదీయవలయును. తేమయు వేడియు కలిసిన చోట లోపలి పూత జిగటయై పెచ్చులుగా ఊడిపోవును. రేకుల యింటిలో పెట్టెయందుంచిన కోటు రెండేండ్లకే పాడగుట దీనివలననే.

ఇక ఆ బాలుని సంగతి. సెప్టెంబరు మొదటి వారములో అతని తలిదండ్రులును మేమును కలిసి బజారునకు పోయితిమి. తండ్రి వెల యడిగెను. మేము ముసుగు చూచితిమి. బాలుడు చేతులు చాచి వంగి చూచెను. తల్లి మాత్రము దుకాణదారుని ఒక గ్లాసెడు నీళ్లడిగి, కోటు భుజపు కుట్టును దొన్నెవలె పట్టి, దానిలో నీరు పోసి, క్రింద అరచేయి పెట్టెను. దుకాణదారుడు మొదట విసుగుకొనెను గాని, నీరు దిగకుండుట చూచి తానును నవ్వెను. నారింజ రంగు నైలాను కోటు. దాని వెల మా నల్లకోటు వెలలో సగము. వెండిపట్టీలు చాలనందున వేరుగా కొని, దర్జీచేత క్రింది అంచుననే కుట్టించితిమి. పైభాగమున కుట్టించిన సూది రంధ్రములనుండి నీరు దిగునని ఆ తల్లియే హెచ్చరించెను. నాటినుండి ఉరుము లేని వాన దినములలో అతడు బడికి వచ్చుచుండెను. పెద్దరోడ్డు మలుపువద్ద నిలిచి చూచిన, మసక వానలో ఆ నారింజ చుక్క మూడు విద్యుత్‌స్తంభముల ఆవలినుండియే కనబడుచుండెను.

మేమును అటువంటిదే కొంటిమి. మొదట బడిపిల్లలు నవ్విరి. హుందాతనము కొంత తగ్గినదని మాకే తోచెను. మా నల్లకోటు ఇప్పుడు మా యింట కట్టెల మోపుమీద కప్పియున్నది. కట్టెలకు చెమట పట్టదు. అవి రోడ్డుమీదికి పోవు. కనుక అక్కడ దాని పని అది చక్కగా చేయుచున్నది.

అపొస్తలుడైన పౌలు చెరసాలలో నుండి తిమోతికి వ్రాయుచు, త్రోయలో కర్పు నొద్ద విడిచివచ్చిన అంగీని తీసికొని రమ్మని కోరెను. అంతటి భక్తుడు మరణమున కెదురుగా నిలిచియు అంగీని గూర్చి వ్రాయుటకు సిగ్గుపడలేదు. దేహమును కాపాడు వస్త్రమును గూర్చి శ్రద్ధ వహించుట అల్పవిషయము కాదని దీనివలన మేము గ్రహించితిమి.

బాలుని మేము ఏ తరగతి యెదుట నవ్వులపాలు చేసితిమో, అదే తరగతి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఆ దినమునను అతడు తలవంచుకొనియే యుండెను గాని, ఈసారి పిల్లలెవరును నవ్వలేదు. హాజరుపట్టీలో జూలై నెల తొమ్మిది గుర్తులు అట్లే యున్నవి. వాటిని దిద్దుటకు మాకు అధికారము లేదు. ఈ వ్యాసమును మాత్రము వ్రాయగలిగితిమి. తలిదండ్రులారా, ఇకమీదట మీరు మమ్మడిగినచో “గట్టిది కొనుడు” అని చెప్పము. “బిడ్డ ఎదుటివానికి కనబడునట్టిది, వెనుకవానిని బిడ్డ చూడగలిగినట్టిది కొనుడు, తడిసినవాడు ఆరును” అని చెప్పెదము. రాబోవు వర్షాకాలమున మన పాఠశాల పిల్లలందరిని దేవుడు క్షేమముగా ఇండ్లకు చేర్చునుగాక.